ఇరవై ఆరు పేపర్ల జాబితా: ఒక కాలేజీ లైబ్రరీ కేసు

మాది కోనసీమలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ, నేను అక్కడ లైబ్రేరియన్ని. లైబ్రరీలో పుస్తకాలు ఇరవై వేల దాకా ఉన్నాయి. అచ్చులో వచ్చే పత్రికలు పదకొండు. అందులో సైన్సువి నాలుగని రిజిస్టర్లో రాసుకుంటాం గానీ, వాటిలో రెండు పోటీ పరీక్షల మ్యాగజైన్లే. 2025 జూలై రెండో వారంలో మా జువాలజీ మేడమ్ నాలుగు కాగితాలు పిన్ను కొట్టి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఇరవై ఆరు రీసెర్చ్ పేపర్ల జాబితా.

"మాస్టారూ, ఇవన్నీ కావాలండి. సెప్టెంబరు ఆఖరుకి రివ్యూ చాప్టరు గైడ్ గారికి ఇచ్చెయ్యాలి."

ఆవిడ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. విషయం వనామి రకం రొయ్యల్లో ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి. మా ప్రాంతంలో చెరువు గట్టు మీద ఈ మాట తెలియని రైతు లేడు. తెల్లమచ్చ రోగం వస్తే రొయ్య చచ్చిపోతుంది, నష్టం కళ్ళముందే కనిపిస్తుంది. ఈహెచ్‌పీ అలా కాదు. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటుంది, ఎదగదు. పట్టుబడి రోజున ఒకే చెరువులో చిన్నా పెద్దా కలిసి వస్తాయి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రాదు, రేటు పడిపోతుంది. కాలేయం, క్లోమం పనులు రెండూ చేసే అవయవంలో చేరే సూక్ష్మజీవి ఇది. 2009లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. మన దేశంలో వనామి సాగుకు అనుమతి వచ్చిందీ ఆ ఏడాదే. మేడమ్ వాళ్ళ నాన్నగారికి రాజోలు వైపు రెండు చెరువులున్నాయి, ఆ విషయం ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పేపర్లు వెతికేవాడికి విషయం కాస్తయినా తెలియాలి. తెలియకపోతే ఏ పేపరు ముఖ్యమో, ఏది లేకపోయినా పని నడుస్తుందో తేల్చుకోలేడు. నేను జువాలజీ చదవలేదు. మొదటి రోజు ఆవిడతో అరగంట కూర్చుని చెప్పించుకున్నాను. తర్వాత రెండు నెలల్లో ఆ అరగంట చాలాసార్లు పనికొచ్చింది.

జాబితాలోనే తిరకాసు

వెతకడం మొదలుపెట్టే ముందు జాబితా సరిచూడాలి. ఈ పని బోరు కొడుతుంది కాబట్టి ఎవరూ చెయ్యరు. చేస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇరవై ఆరింటిలో రెండు రెండోసారి రాసినవి. ఒకే పేపరు ఒకచోట పూర్తి పేర్లతో, ఇంకోచోట ఇంటిపేరు ముందుపెట్టి ఉంది. అవి తీసేస్తే ఇరవై నాలుగు.

తర్వాత ఒక పేపరు శీర్షికను కొటేషన్ మార్కుల మధ్య పెట్టి, రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో వెతికితే ఏమీ రాలేదు. కొటేషన్లు తీసేసి మొదటి రచయిత ఇంటిపేరు, రెండు ముఖ్యమైన మాటలు మాత్రం పెట్టి వెతికాను. వచ్చింది. శీర్షికలో ఒక మాట తేడా, సంవత్సరం తేడా, వాల్యూమ్ నంబరు కూడా తేడా. ఎవరో ఒక సమీక్షా వ్యాసంలో తప్పు రాస్తే, తర్వాతివాళ్ళు అసలు పేపరు తెరవకుండా అక్కడినుంచే ఎత్తిరాసుకుంటూ వచ్చారు. మేడమ్ ఆ వరసలో ఆఖరివారు. ఇలాంటిది దొరికితే నాకు లోలోపల సరదా. దొంగ దొరికినట్టే.

సరదా కాని సంగతి ఆ తర్వాతది. ఇంకో రెండు పేపర్లు ఎలా వెతికినా రాలేదు. జర్నల్ పేరు అసలైనదే. రచయితల పేర్లు ఆ రంగంలో ఉన్నవాళ్ళవే. శీర్షిక చూస్తే ఎవరికైనా చదవాలనిపిస్తుంది. ఒకదానికి డీఓఐ నంబరు (ఒక్కో పేపరుకూ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా ఉంది. ఆ నంబరు కొడితే రొయ్యలతో సంబంధంలేని వేరే పేపరు తెరుచుకుంది. రెండోదాని కోసం ఆ జర్నల్ వెబ్‌సైట్‌కి వెళ్ళి, ఆ ఏడాది ఆ వాల్యూమ్ విషయసూచిక తెరిచాను. జాబితాలో రాసిన పేజీల్లో వేరే ఇద్దరి పేపర్లున్నాయి. అంటే అలాంటి పేపర్లే లేవు.

"ఇవి ఎక్కడినుంచి రాసుకున్నారండీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, ఎంఎస్సీ పిల్లాడొకడు ఏఐ చాట్‌బాట్‌ని అడిగి రాసిచ్చినవి అని చెప్పారు. పిల్లాడిని తిట్టలేదు, ఆవిడనీ ఏమీ అనలేదు. ఆ పిల్లాడిచ్చిన మిగతావన్నీ ఇంకోసారి చూశాను, అవి నిజమైనవే. ఈ రెండు లేని పేపర్ల కోసం ఏ లైబ్రరీకి ఉత్తరం రాసినా పరువు పోయేది మనకే. అప్పటినుంచి ఎవరు జాబితా తెచ్చినా, ప్రతి పేపరూ జర్నల్ విషయసూచికలోనో, డీఓఐ ద్వారానో కనపడితేనే లెక్కలోకి తీసుకుంటున్నాను.

మిగిలినవి ఇరవై రెండు.

డబ్బు అడగనివి

ఇరవై రెండింటిలో తొమ్మిది ఎవరినీ అడగకుండానే, చట్టం ప్రకారమే ఉచితంగా దొరికాయి. మేడమ్ నమ్మలేదు. ఆవిడ వాటిలో కొన్నిటిని పబ్లిషర్ పేజీలో తెరిచి, ముప్పై డాలర్ల పైన ధర చూసి అక్కడే ఆగిపోయారు.

గూగుల్ స్కాలర్‌లో శీర్షిక కొట్టినప్పుడు కుడివైపు పీడీఎఫ్ లింకు ఉందేమో చూడాలి. లేకపోతే కింద చిన్న అక్షరాల్లో 'ఆల్ వెర్షన్స్' అని ఉంటుంది, అది నొక్కాలి. అదే పేపరు రచయిత పనిచేసే సంస్థ రిపాజిటరీలో (తమ పేపర్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే చోట) ఉంటే అక్కడ కనపడుతుంది. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఇంకా సుఖం. పేపరు పేజీ తెరిచినప్పుడు పక్కన తాళం గుర్తు ఆకుపచ్చగా మారితే ఎక్కడో ఉచిత ప్రతి ఉన్నట్టు. ఇది 2017 నుంచి ఉంది, డబ్బు అక్కర్లేదు. వైద్యం, జీవశాస్త్రం పేపర్లకు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారం చూడటం మర్చిపోకూడదు.

మన దేశపు చేపలు, రొయ్యల మీద పనికైతే మన సంస్థల రిపాజిటరీలు బంగారు గనులు. కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీఐబీఏ తమ శాస్త్రవేత్తల పేపర్లు ఆన్‌లైన్‌లో పెడతాయి. మేడమ్ జాబితాలో మూడు ఇలా వచ్చాయి. మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే శోధగంగలో ఇదే విషయం మీద ఒక థీసిస్ దొరికింది. ఆఖర్లో ఆ పరిశోధకుడు తను అచ్చువేసుకున్న పేపర్లు జతచేశాడు. వాటిలో ఒకటి మా జాబితాలోదే. వ్యవసాయ, మత్స్య విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు కృషికోశ్ అని వేరే ఉంది. పాత సంచికలను కొన్నేళ్ళయ్యాక అందరికీ తెరిచే జర్నళ్ళూ ఉన్నాయి. నీటిజీవుల వ్యాధుల మీద వచ్చే ఒక జర్నల్ అలాంటిదే, 2004 నాటి పేపరొకటి నేరుగా అక్కడే దించుకున్నాం.

ఒక జాగ్రత్త. రిపాజిటరీలో ఉన్నది చాలాసార్లు అచ్చయిన ప్రతి కాదు, అచ్చుకు ఒప్పుకున్నాక రచయిత దగ్గరున్న రాతప్రతి. విషయం అదే, పేజీ నంబర్లు వేరు. మేడమ్ ఒకచోట ఆ రాతప్రతి పేజీ నంబరే థీసిస్‌లో వేసేశారు. చూసి మార్పించాను. చదవడానికి రాతప్రతి చాలు. ఉటంకించేటప్పుడు మాత్రం జర్నల్లో వచ్చిన వాల్యూమ్, పేజీలే ఇవ్వాలి.

ఎన్-లిస్ట్ ఎంతవరకు?

మా కాలేజీ ఏటా 5,900 రూపాయలు కట్టి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ (కాలేజీలకు జర్నళ్ళు ఆన్‌లైన్‌లో అందించే సేవ) తీసుకుంటుంది. ఆరు వేలకు పైగా జర్నళ్ళు, లక్షల్లో ఈ-పుస్తకాలు. ఆర్ట్స్ వాళ్ళకు, ఇంగ్లీషు, ఎకనామిక్స్ వాళ్ళకు ఇది వరం. రొయ్యల వ్యాధుల పేపర్లు ఎక్కువగా పెద్ద వాణిజ్య పబ్లిషర్ల జర్నళ్ళలో వస్తాయి, అవి ఇందులో తక్కువ. దొరికినవి రెండే. లాగిన్ ఉన్నా మేడమ్ మూడేళ్ళుగా పాస్‌వర్డ్ మర్చిపోయి కూర్చున్నారు. మా స్టాఫ్‌లో ఆవిడ ఒక్కరే కాదు.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది కదా, ఇంకా ఇబ్బందేమిటి అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. జర్నళ్ళకు కేంద్ర ప్రభుత్వమే చందా కట్టేలా 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న పథకం అది. మూడేళ్ళకు 6,000 కోట్లు, ముప్పై పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్ళు. అయితే అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు. మా కాలేజీ పేరు ఆ జాబితాలో లేదు. అందుకని నేను ఆ పథకం సంగతి అక్కడితో పక్కనపెట్టేశాను. అది తప్పని తర్వాత తెలిసింది.

మెయిళ్ళు

మిగిలిన పదకొండులో ఏడింటికి రచయితల మెయిల్ అడ్రసు దొరికింది. పేపరు డబ్బులకే ఉన్నా, మొదటి పేజీలో సారాంశం, కరస్పాండింగ్ ఆథర్ (పేపరు గురించి ఎవరికి రాయాలో ఆ రచయిత) మెయిల్ చాలావరకు ఉచితంగా కనపడతాయి. పాత పేపరైతే ఆ మెయిల్ పనిచెయ్యదు, వాళ్ళ కొత్త పేపరొకటి తెరిచి అక్కడి అడ్రసు తీసుకోవాలి.

మొదటి విడత మెయిళ్ళు మేడమ్ సొంతంగా రాసుకుని, కాలేజీ ఆఫీసు మెయిల్ నుంచి పంపారు. 'గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి' అని మొదలై, మా కాలేజీ స్థాపన, న్యాక్ గ్రేడు, ఆవిడ సర్వీసు అన్నీ చెప్పాక ఏడో లైనులో పేపరు పేరు వచ్చింది. వారం గడిచినా ఒక్కరూ పలకలేదు. నేనైనా పలికేవాణ్ణి కాదు.

రెండోసారి ఇద్దరం కూర్చుని మార్చాం. సబ్జెక్టు లైనులోనే పేపరు శీర్షిక. లోపల నాలుగు వాక్యాలు: నేను ఫలానా, గోదావరి డెల్టాలో వనామి చెరువుల్లో ఈహెచ్‌పీ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, మీ పేపర్లో చెరువు అడుగు మట్టి శాంపిళ్ళు తీసిన పద్ధతి నాకు కావాలి, మా కాలేజీకి ఈ జర్నల్ లేదు, నా చదువుకు మాత్రమే పీడీఎఫ్ పంపగలరా? ఆవిడ సొంత మెయిల్ నుంచే పంపాం. ఒక్కొక్కరికీ వేరేవేరుగా, వాళ్ళ పేపర్లో ఒక విషయం పట్టుకుని రాశాం. ఇక్కడే మొదటిరోజు అరగంట పనికొచ్చింది.

ఏడింటికి నాలుగు వచ్చాయి. ఒక థాయ్‌లాండ్ ఆయన ఆ రాత్రే పంపి, అడగని మూడు పేపర్లు కూడా జతచేసి, "మీ చెరువుల్లో ఉప్పదనం ఎంత?" అని ఎదురు ప్రశ్న వేశారు. మేడమ్‌కు ఆ ప్రశ్నే ఎక్కువ సంతోషం. ఒక మెయిల్ వెనక్కి వచ్చేసింది. ఇద్దరు పలకలేదు. పది రోజులాగి ఒకసారి గుర్తుచేశాం, అంతకుమించి అడగలేదు.

ఈ మధ్యలోనే ఆవిడ గొంతు తగ్గించి అడిగారు: "మాస్టారూ, ఆ సైట్‌లో అన్నీ ఉంటాయంట కదండీ?" డబ్బులకున్న పేపర్లను పబ్లిషర్ల అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సంగతి. దాని మీద పబ్లిషర్లు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు, 2025 ఆగస్టులో సైట్‌ను బ్లాక్ చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. మా మాటలు నడుస్తున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. నా మటుకు నేను లైబ్రేరియన్ కుర్చీలో కూర్చుని ఆ దారి చూపించలేను. పేపర్ల ధరలు న్యాయమని కాదు. ముప్పై డాలర్లు పెట్టి ఒక పేపరు కొనమనడం మా ఊరి లెక్చరర్‌కు చెప్పగలిగిన మాట కాదు. కానీ సరైన తలుపులు ఇంకా మిగిలే ఉన్నాయి, అది నాకు తెలుసు. ఒక పెద్ద తలుపు పక్కనే ఉన్నా మర్చిపోయానని మాత్రం ఇంకా తెలియదు.

నా పొరపాటు

ఆగస్టు మూడో వారంలో ఏడు పేపర్లు మిగిలాయి. వాటికోసం ఢిల్లీలోని డెల్‌నెట్‌లో కాలేజీని చేర్పించమని ప్రిన్సిపాల్ గారికి నోట్ రాస్తున్నాను. 1988లో మొదలైన లైబ్రరీల నెట్‌వర్క్ అది, సభ్య లైబ్రరీలు పుస్తకాలు, పేపర్లు ఇచ్చిపుచ్చుకుంటాయి. నోట్‌లో 'అవసరం' అన్న చోట మేడమ్ పీహెచ్‌డీ వివరాలు రాస్తూ, ఆవిడ రిజిస్టరైన యూనివర్సిటీ పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

అది రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ. మా కాలేజీకి ఆ 'వన్ నేషన్' పథకం లేకపోవచ్చు, యూనివర్సిటీకి ఉంటుంది. మేడమ్ మా కాలేజీలో లెక్చరరే కాదు, అక్కడ రీసెర్చ్ స్కాలర్ కూడా. ఫీజు కడుతున్నారు, ఐడీ కార్డు ఉంది. ఆవిడ ఆ కార్డును ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్టు ఇవ్వడానికే వాడుతున్నారు. నేను ఆవిడను మా లెక్చరర్‌గానే చూశాను. 'పాఠకుడి కాలం ఆదా చెయ్యి' అని లైబ్రరీ సైన్సుకు బాట వేసిన రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాసిపెట్టారు, లైబ్రరీ సైన్సు క్లాసులో అది బట్టీ పట్టే వచ్చాను. ఐదు వారాలు దాన్ని పక్కనపెట్టాను.

శనివారం పొద్దున్నే ఆవిడ రావులపాలెం మీదుగా బస్సెక్కి వెళ్ళారు. వెళ్ళేముందు జాబితాను డీఓఐలతో టైపు చేసి ఇచ్చాను, అక్కడికెళ్ళి వెతుక్కోనక్కర్లేకుండా. పెన్‌డ్రైవ్ ఒకటి, ఐడీ కార్డు, గైడ్ గారి చీటీ. సాయంత్రం నాలుగుకు ఫోను: "ఏడింట్లో ఐదు వచ్చేసినయ్యండి. మనం మెయిళ్ళు పెట్టి తెప్పించుకున్న నాలుగూ కూడా ఇక్కడ ఉన్నాయి."

అంటే మొదటివారంలోనే వెళ్ళి ఉంటే మెయిళ్ళ పని తప్పేది. థాయ్‌లాండ్ ఆయన పరిచయం కాకపోయేది, అది వేరే సంగతి.

అక్కడి లైబ్రరీలో ఇంకో మాట కూడా చెప్పారట: రీసెర్చ్ స్కాలర్లకు ఇంటినుంచి వాడుకునే లాగిన్ ఇస్తారు, అర్జీ పెట్టుకుంటే చాలు. ఆవిడ రిజిస్టరై రెండేళ్ళు దాటింది. ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు, నేనూ అడిగించలేదు.

ఆఖరి రెండు

మిగిలిన రెండింటిలో ఒకటి పాత సింపోజియం సంపుటిలోని వ్యాసం, గోదావరి ముఖద్వారం దగ్గరి ఉప్పునీటి చెరువుల మట్టి గురించి. ఆన్‌లైన్‌లో ఎక్కడా లేదు. ఇలాంటివాటికి ఇంటర్నెట్ వదిలి ఫోను పట్టుకోవాలి. కాకినాడలో ఒక మత్స్య సంస్థ లైబ్రరీకి ఫోను చేస్తే, అక్కడి లైబ్రేరియన్ లైన్లో ఉండగానే బీరువా తెరిచి చూశారు. ఉంది. రెండు రోజుల తర్వాత మా అటెండరు తమ్ముడు కాకినాడ పనిమీద వెళ్తుంటే నా ఉత్తరం ఇచ్చి పంపాను. పద్నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి తెచ్చాడు. సొంత పరిశోధన కోసం న్యాయమైన మేరకు వ్యాసం ప్రతి తీసుకోవడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది, ఆ మాట ఉత్తరంలోనే రాశాను, అవతలివాళ్ళకు అనుమానం లేకుండా. 1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు మనవాళ్ళు. ఈ పద్నాలుగు పేజీలు కాకినాడ నుంచి బైకు మీద వచ్చాయి.

రెండోది ఒక కాన్ఫరెన్సు సారాంశం, ఒక్క పేజీ. దొరకలేదు. రచయితల పేర్లు మళ్ళీ చూస్తే, వాళ్ళే రెండేళ్ళ తర్వాత అదే పనిని పూర్తి పేపరుగా వేశారు, అది మా జాబితాలో పదకొండో నంబరు. సారాంశాన్ని కొట్టేశాం.

ఖర్చు చెప్తాను: జిరాక్స్, బస్సు చార్జీలు, ఫోన్లు అన్నీ కలిపి ఐదు వందల లోపు. ఉచితంగా కనపడనివాటిలో ఆఖరి రెండూ పోను మిగతా పదకొండింటిని పబ్లిషర్ల దగ్గర కొని ఉంటే ముప్పై వేల దాకా అయ్యేది. ఈ లెక్కను ప్రిన్సిపాల్ గారికి ఇచ్చిన డెల్‌నెట్ నోట్‌కు జతచేశాను. ఫైలు ఇంకా తిరుగుతోంది.

ఒక విషయంలో మేడమ్‌కూ నాకూ చిన్న వాదన అయింది. ఇంత కష్టపడి తెచ్చిన పీడీఎఫ్‌లు స్కాలర్ల వాట్సాప్ గ్రూపులో పెడతానన్నారు. యూనివర్సిటీ లాగిన్‌తో దించినవి అలా పంచితే ఆ లాగిన్‌కే ముప్పు. ఉచితంగా దొరికిన తొమ్మిదింటి లింకులు మాత్రం పెట్టమన్నాను. మొదట మొహం చిన్నబుచ్చుకున్నారు, తర్వాత లింకులే పెట్టారు.

నా దగ్గర పేపర్ల కోసం వచ్చేవాళ్ళు నింపే చీటీ ఒకటి ఉండేది: పేరు, శాఖ, పేపరు వివరాలు. ఇప్పుడు అన్నిటికన్నా పైన ఒక లైను చేర్చాను: 'ఇంకే యూనివర్సిటీలో, సంస్థలో మీకు ఐడీ కార్డు ఉంది?'

పోయిన వారం బోటనీ మాస్టారు కొబ్బరి తెల్లదోమ మీద ముప్పై పేపర్ల జాబితాతో వచ్చారు. పై లైను దగ్గర 'లేదు' అని రాశారు. ఆయనకు ఆ దారి లేదు. అయితే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, కొబ్బరే వాళ్ళ పని. వ్యవసాయ సంస్థల లైబ్రరీలకు సెరా అని వేరే కన్సార్షియం (జర్నళ్ళను కలిసి తెప్పించుకునే ఏర్పాటు) ఉంది. బయటివాళ్ళను అక్కడ కూర్చుని చదువుకోనిస్తారేమో అడగడానికి సోమవారం ఇద్దరం వెళ్తున్నాం. జాబితా ఈలోపు సరిచూస్తున్నాను, మూడు పేపర్లు రెండుసార్లు రాశారు.